సమస్యాపూరణం: “సంఖ్య మారలేదు సన్నగిల్లె”

నిర్వాహకుడు, అనంతపురం: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. డ్రోసోఫిలా, అంటే పండ్ల మీద ముసిరే చిన్న ఈగ గురించి చదువుతుంటే తట్టింది. ఈగ మీదే రాయాలని లేదు, రాస్తే మాత్రం సంతోషం.

కర్నూలు, జీవశాస్త్ర అధ్యాపకురాలు:

పండ్ల యీగలోన పనిచేయకున్నచో
నెస్సుసిక్సుకేగ నెంచు జీను
కణము చిన్నదాయె, కాయమ్ము, కణముల
సంఖ్య మారలేదు, సన్నగిల్లె

‘ఎస్సుసిక్సుకే’ అంటే ఎస్‌6 కైనేజ్, పెరుగుదలను నడిపే ఎంజైము. అది లేకుండా బతికిన ఈగల్లో కణాలు అన్నే ఉంటాయి, ఒక్కో కణమే చిన్నదవుతుంది. 1999లో తేలిన సంగతి.

నిర్వాహకుడు: మేడమ్, ‘కాయమ్ము’ను ముందుంచి క్రియను చివరిదాకా ఆపడం చాలా నచ్చింది. ‘చోనెస్సు’ దగ్గర మాత్రం నాలుక తడబడుతోంది.

కడప జిల్లా రైతు:

వాన లేక పైరు వడలెను, బుడ్డల
గింజ పాలు పడక గిడసబారె
కాపు చూడ నిండు, కాయల తూకమే,
సంఖ్య మారలేదు, సన్నగిల్లె

నిర్వాహకుడు: అన్నా, ‘గిడసబారె’ చదివి మనసు చివుక్కుమంది. మాట మార్చొద్దు.

అనంతపురం, డిగ్రీ విద్యార్థి:

చీకొ జీను పోవ చిన్నదై పుట్టెను
సగము కూడ లేని సన్న యీగ
రెక్క తరచి చూచి లెక్కించ, కణముల
సంఖ్య మారలేదు, సన్నగిల్లె

అధ్యాపకురాలు: నాన్నా, నడక హాయిగా ఉంది. మూడో పాదంలో రెక్క–లెక్క ప్రాసయతి చక్కగా కుదిరింది. కానీ విషయం తప్పింది. చీకో ఇన్సులిన్ సంకేతాన్ని కణం లోపలికి అందించే జన్యువు. అది పోతే కణం చిన్నదవడమే కాదు, కణాల సంఖ్యా తగ్గుతుంది. ఎస్‌6 కైనేజ్‌కూ దీనికీ ఉన్న తేడా అదే. ఈ సమస్యకు ప్రాణం కూడా అక్కడే ఉంది. అయితే చీకో లేని ఈగ అన్ని అవయవాల్లోనూ సమంగా చిన్నదవుతుంది కాబట్టి మూడో పాదాన్ని ఇలా మార్చి చూడు:

కాళ్ళ రెక్కలందు కాస్తైన చూడగా

ఆరు కాళ్ళూ రెండు రెక్కలూ ఉంటాయి, ఈగే సన్నగిల్లుతుంది.

విద్యార్థి: మార్చుకుంటాను మేడమ్. మరి జీవక్రియ ఎంజైములతోనూ కణం సైజు మారుతుందా?

అధ్యాపకురాలు: మారుతుంది. కణం పెరగాలంటే పొర కావాలి, పొరకు కొవ్వు కావాలి. కొవ్వు తయారుచేసే ఎంజైముల జన్యువులను ఎస్‌ఆర్‌ఈబీపీ అనే ప్రొటీన్ నడుపుతుంది. ఈగలో దాన్ని తగ్గిస్తే కణమూ అవయవమూ చిన్నవైనట్టు 2008లో చూపించారు. ఆ పేరు ఆటవెలదిలో ఇమడదు. ‘క్రొవ్వు’ సూర్యగణమే కదా, దానితో మొదలుపెట్టి రాయి.