తక్కువ గాలితో ఇసుకలోకి దిగితే బీడు (రిమ్ముకు ఆనుకొని కూర్చునే టైరు అంచు) దగ్గర గాలి పోతోంది: ట్యూబు వేయాలా, రిమ్ము బాగు చేయించాలా?

చిత్రావతి గట్టు (అనంతపురం):
పోయిన ఆదివారం మిత్రులతో కలిసి చిత్రావతి ఇసుకలోకి బండి దింపాను. రోడ్డు మీద 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) ఉంచే ట్యూబ్‌లెస్ టైర్లను, బండి కూరుకుపోకూడదని 14కు తగ్గించాను. ఇసుకలో ఏ ఇబ్బందీ రాలేదు. రోడ్డెక్కి మళ్లీ గాలి నింపుకొని ఇల్లు చేరాను. తెల్లవారి చూస్తే ముందు కుడి టైరు 22కు, వెనుక కుడి టైరు 26కు దిగిపోయాయి. ముల్లు గానీ మేకు గానీ ఎక్కడా కనిపించలేదు. మా వీధి చివరి పంక్చరు షాపులో చూపిస్తే, బీడు దగ్గర గాలి పోతోందని, నాలుగు చక్రాలకూ ట్యూబులు వేయించుకోవడం తప్ప దారి లేదని చెప్పారు. మా జట్టులోని పెద్దాయన మాత్రం 20కి దిగువకు ఎన్నడూ పోకూడదంటున్నారు. నాకు ఈ రెండు మాటలూ పూర్తిగా సమాధానంగా లేవు. అనుభవమున్నవారు కారణాలతో సహా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పెన్నా ఒడ్డు (కడప):
ట్యూబులే వేయించండి. నేను ఇరవై ఏళ్లుగా ఒక పాత జీపును జమ్మలమడుగు వైపు గుట్టల్లోనూ పెన్నా ఇసుకలోనూ తిప్పుతున్నాను. గాలి ట్యూబులో ఉన్నంత కాలం బీడుకూ రిమ్ముకూ మధ్య ఎంత ఇసుక దూరినా గాలి పోదు. మా ఊరి ట్రాక్టర్లు దుక్కిలో పెద్ద చక్రాలకు 12 పీఎస్ఐతో రోజంతా తిరుగుతాయి, బీడు దగ్గర గాలి పోయిందని ఒక్కరైనా చెప్పగా నేను వినలేదు. పైగా ట్యూబయితే ఏ పల్లెలోనైనా అతుకు వేసేవారు దొరుకుతారు.

ఎర్రమల బాట (కర్నూలు):
పెన్నా ఒడ్డు గారు చెప్పినది వారి జీపుకు నిజమే, ఎందుకంటే ఆ టైరూ ఆ రిమ్మూ ట్యూబు కోసమే తయారైనవి. ప్రశ్న అడిగినవారి బండికి ఆ మాట వర్తించదని నా గట్టి అభిప్రాయం.

ట్యూబ్‌లెస్ టైరులో బీడును రిమ్ము అంచుకు అదిమి పట్టి ఉంచేది లోపలి గాలే. 32 నుంచి 14కు దించినప్పుడు ఆ పట్టు సగానికి పైగా తగ్గిపోతుంది. మీకు గాలి పోయిన రెండు టైర్లూ కుడివైపువే కావడం గమనించారా? ఇసుకలో మీరు ఎక్కడో ఒకచోట ఎడమకు గట్టిగా, కాస్త వేగంగా తిప్పి ఉంటారు. అలా తిప్పినప్పుడు బరువంతా కుడి చక్రాల మీద పడుతుంది. నేల టైరు అడుగును బండి లోపలి వైపుకు తోస్తుంటే రిమ్ము బయటికి పోజూస్తుంది, దాంతో బయటి వైపు బీడు అంచు నుంచి వెంట్రుకవాసి దూరమవుతుంది. ఆ సందులోకి ఇసుక చేరుతుంది. బండి నేరుగా సాగగానే బీడు మళ్లీ మూసుకుంటుంది, అయితే ఇసుక రేణువుల మీదే మూసుకుంటుంది. గాలి ఇసుకలో ఉండగా కాకుండా ఇంటికి వచ్చాక నిదానంగా పోవడానికి కారణం అదే. బీడు కూర్చునే చోటికి లోపలి పక్కన రిమ్ములో చిన్న గట్టు ఒకటి ఉంటుంది, బీడు పూర్తిగా జారిపోకుండా కాపాడేది అది. ఇసుకను మాత్రం అది ఆపలేదు.

కాబట్టి దోషం 14లో కంటే స్టీరింగు తిప్పిన తీరులోనూ రిమ్ము పరిస్థితిలోనూ ఉంది. ముందుగా సబ్బు నీళ్లతో బీడు చుట్టూ, వాల్వు మొదట్లో, వాల్వు పిన్ను మీద తడిపి చూడండి. వాల్వు మొదట్లో రబ్బరు పగిలినా బీడు తప్పనే అనుకొనేవారు చాలామంది. చక్రం విప్పి లోపలి వైపు కూడా చూడాలి. టైరు విప్పించాక, ఇనుప రిమ్మయితే బీడు కూర్చునే చోట తుప్పు పొరలుగా లేచి ఉంటుంది, అల్లాయ్ అయితే తెల్లటి పొడి పేరుకొని ఉంటుంది. దానిని వైరు బ్రష్షుతో, ఆపై సన్నని గరుకు కాగితంతో నున్నగా చేయించి, బీడు రబ్బరును తడిగుడ్డతో తుడిచి, బీడు సీలరు (సందులు మూసే జిగురు పూత) పలుచగా పూయించి ఎక్కించమనండి. మందంగా పూస్తే తరువాత టైరు విప్పడం కష్టమవుతుంది. టైరు లోపల పోసే పంక్చరు ద్రవాన్ని దీనికి నమ్ముకోవద్దు, చక్రం తిరిగేటప్పుడు అది టైరు అడుగు వైపుకే పోతుంది.

పెన్నా ఒడ్డు (కడప):
రిమ్ము శుభ్రం చేయడానికి నేను అడ్డు చెప్పను. కానీ ఇదంతా ఊళ్లో షాపుంటే జరిగే పని. గుట్టల మధ్య బీడు ఊడిపోతే ఏం చేస్తారు? నా ట్యూబు ఊడదు కదా.

ఎర్రమల బాట (కర్నూలు):
ఊడకపోవచ్చు, కానీ తెగుతుంది. పోయిన వేసవిలో మా జట్టులో ఒకరు ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబు వేయించుకొని 13 పీఎస్ఐతో గుట్ట ఎక్కారు. తక్కువ గాలితో ఊపు అందుకున్నప్పుడు టైరు రిమ్ము మీద కొద్దికొద్దిగా జరుగుతుంది, దానితో ట్యూబూ జరుగుతుంది, వాల్వు మాత్రం రంధ్రంలో చిక్కుకొని ఉంటుంది. మధ్యలో ఆగి చూస్తే నిటారుగా ఉండవలసిన వాల్వు వేలు వంచినట్లు పక్కకు ఒరిగిపోయి ఉంది. నేను చెబుతున్నా వినకుండా ఇంకో ఫర్లాంగు పోయేసరికి మొదట్లోనే తెగింది. ట్యూబు తెగితే గాలి ఒక్కసారిగా పోతుంది. ట్రాక్టరు సంగతంటారా, దుక్కిలో దాని నడక ఎంత నెమ్మదో మీకు తెలియనిది కాదు.

బీడు ఊడితే జాకీతో చక్రం లేపి, ఇసుకను నీళ్లతో కడిగి, బీడుకు సబ్బు నీళ్లు రాసి, కంప్రెసరుతో నింపితే ఎక్కువసార్లు కూర్చుంటుంది. 40 పీఎస్ఐ దాటించవద్దు, అప్పటికీ కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ మొదలుపెట్టాలి. పెట్రోలు చల్లి అగ్గిపుల్ల గీసే పద్ధతిని దయచేసి ఎవరూ ప్రయత్నించవద్దు, ప్రాణాలు పోతాయి.

నాపరాళ్ల దారి (బేతంచెర్ల):
ఇసుకకూ రాతికీ ఒకే లెక్క పెట్టకూడదు. మా వైపు గనుల దారుల్లో నాపరాతి ముక్కలు కత్తుల్లా నిలబడి ఉంటాయి. అక్కడ 14తో పోతే రాయి నేరుగా రిమ్ము అంచుకు తగులుతుంది, అంచు వంగితే ఏ సీలరూ ఆపలేదు. రాళ్ల దారికి పెద్దాయన చెప్పిన 20యే సరైనది.

ఎర్రమల బాట (కర్నూలు):
రాళ్ల విషయంలో మీ మాటను ఒప్పుకుంటున్నాను. ఇసుకలో కూడా ఒక జాగ్రత్త అవసరం. మన ఎండల్లో మధ్యాహ్నం టైరు 55 డిగ్రీల వరకు వేడెక్కి ఉన్నప్పుడు 14కు దించి, రాత్రి ఏటి ఒడ్డునే బస చేస్తే, తెల్లవారి 25 డిగ్రీల చల్లదనంలో అది సుమారు 11కు చేరుతుంది. గాలి ఎక్కడా పోలేదు, చల్లబడి కుంచించుకుపోయిందంతే. అది చూసుకోకుండా ఉదయాన్నే బండి తిప్పినవారికే బీడు ఊడుతుంది. అందుకే నేను మధ్యాహ్నం 17 దగ్గరే ఆగుతాను, ఉదయం మళ్లీ కొలుస్తాను, ఇసుకలో 30 కిలోమీటర్ల వేగం దాటను.

పెన్నా ఒడ్డు (కడప):
వేడి లెక్క నాకు కొత్త విషయం. నా జీపుకు మాత్రం ట్యూబులు తీయను.

చిత్రావతి గట్టు (అనంతపురం):
అందరికీ ధన్యవాదాలు. ఈ రోజు ఇంకో షాపులో రెండు టైర్లూ విప్పించాను. ముందు చక్రం బయటి అంచున జానెడు పొడవున సబ్బు నీళ్లలో ఆవగింజంత బుడగలు వరుసగా వచ్చాయి. విప్పి చూస్తే అదే చోట తుప్పు చిప్పలు లేచి, వాటి కింద తడిసి గట్టిపడిన ఇసుక గీతలా పట్టి ఉంది. వెనుక చక్రం రిమ్ముకు తుప్పు లేదు, ఇసుక మాత్రమే ఉంది, కడిగితే సరిపోయింది. ముందుదానికి గీకించి సీలరు పూయించాను. ట్యూబులు వేయించలేదు. ఎడమకు గట్టిగా తిప్పిన మాట నిజమే, ఒడ్డు ఎక్కేటప్పుడు రెండుసార్లు తిప్పాను. నిన్నటి సాయంత్రం 32 నింపిన మిగతా రెండు టైర్లు కూడా ఉదయం 31 చూపించాయి, అది చల్లదనమే అనుకుంటున్నాను. వారం రోజులు కొలిచి ఇక్కడ రాస్తాను.