దొరికిన కుక్కను ఎవరికైనా ఇచ్చే ముందు ఏం చూడాలి? (మారతహళ్ళి, బెంగళూరు)

ప్రశ్న:
మూడు వారాల కిందట బ్రిడ్జి దగ్గర వానలో తడుస్తూ దొరికింది. ఆడ ఇండీ (మన నాటు కుక్క), ఏడాది ఉంటుందన్నారు డాక్టర్. టిక్ ఫీవర్ (పిడుదుల వల్ల వచ్చే జ్వరం), డాక్సీసైక్లిన్ మాత్రలు ఇంకో వారం వెయ్యాలి. పెరుగన్నంలో కలిపి పెడితే అన్నమంతా నాకేసి మాత్రను శుభ్రంగా నేల మీద వదిలేస్తోంది! ఇంటి ఓనర్ రోజూ సణుగుతున్నాడు. ఒకాయనేమో ఇవాళే తీసుకెళ్తానంటున్నారు, ఇచ్చేయనా?

జవాబు 1:
ముందు ఆ పెరుగు ఆపండి. పాలు, పెరుగు ఆ మందును ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఉడికించిన చికెన్ ముక్కలో దాచి పెట్టి, వెంటనే నీళ్ళు తాగించండి, మాత్ర గొంతులో ఉండిపోతే పుండవుతుంది.

జవాబు 2:
"ఇవాళే" అనేవాళ్ళంటే నాకు భయమండీ. పోయినేడు నేనిచ్చిన కుక్కను పది రోజులకే "అత్తగారికి పడట్లేదు" అని తెచ్చి వదిలేశారు, పాపం అది చాన్నాళ్ళు మంచం కింది నుంచి బయటికే రాలేదు. మీరే వాళ్ళింటికి వెళ్ళండి, గేటు, బాల్కనీ గ్రిల్ సందులు చూడండి, ఇంట్లో అందరితో మాట్లాడండి. రేబిస్ టీకా వేయించారా? కోర్సయ్యి, డాక్టర్ సరేనన్నాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించే ఇవ్వండి.

జవాబు 3:
కొత్తచోట మొదటివారమే ఎక్కువ పారిపోతాయి. కాలర్‌కొకటి, హార్నెస్‌కొకటి (ఛాతీ చుట్టూ వేసే పట్టీ), రెండు తాళ్ళు కట్టమనండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. ఆదివారం వాళ్ళింటికి వెళ్తున్నా. చికెన్ ముక్క పనిచేసింది, ఇప్పుడు వట్టి అన్నం ముట్టట్లేదు.