యూనివర్సిటీకి సొంత జైలా? అప్పట్లో అల్లరి విద్యార్థుల్ని ఎలా దారికి తెచ్చేవారు?

గోదారి_గట్టు:

కార్ల్ మార్క్స్ గురించి చదువుతుంటే ఒక విషయం కంటపడింది. 1836లో జర్మనీలోని బాన్ యూనివర్సిటీలో చదువుతున్నప్పుడు తాగి రాత్రిపూట గొడవ చేశాడని ఒకరోజు జైల్లో పెట్టారట. ఆ జైలు పోలీసులది కాదు, యూనివర్సిటీదే. చదువు చెప్పేవాళ్లకి జైల్లో వేసే అధికారం ఎక్కడిది? అంతకు ముందు, అంటే సుమారు 1500 నుంచి 1800 దాకా, కుర్రాళ్లు హద్దు మీరితే ఏం చేసేవారు? కొట్టేవారా, జరిమానా వేసేవారా, ఇంటికి పంపేసేవారా? వాటివల్ల ఉపయోగం ఉండేదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

పాతకాగితాలు:

ఆ అధికారం మొదట చక్రవర్తి ఇచ్చిందేనండి. 12వ శతాబ్దంలో జర్మన్ చక్రవర్తి ఫ్రెడరిక్ బార్బరోసా ఇటలీలోని బొలోన్యా విద్యార్థుల కోసం ఒక శాసనం చేశాడు. వాళ్ల మీద కేసు వస్తే ఊరి కోర్టు విచారించకూడదు, గురువో బిషప్పో విచారించాలి, ఆ ఇద్దరిలో ఎవరన్నది విద్యార్థి ఇష్టం. ఊరుగాని ఊరు వచ్చి చదువుకునేవాడికి దిక్కెవరు, వాడి దేశస్థుడు ఎవడో అప్పు ఎగ్గొడితే వీణ్ని పట్టుకుని వసూలు చేసే రోజులవి. అందుకని ఆ రక్షణ. తర్వాత జర్మన్ యూనివర్సిటీలు ఈ హక్కుని గట్టిగా పట్టుకున్నాయి. రెక్టర్ (యూనివర్సిటీ అధిపతి) దగ్గర విచారణ, పట్టుకొచ్చేందుకు బంట్రోతులు, వేసేందుకు 'కార్‌త్సర్' అనే గది. ట్యూబింగెన్‌లో 1515 నాటి గది ఇప్పటికీ ఉంది. 1736లో దాని గోడల మీద బైబిల్ కథల బొమ్మలు వేయించారు, లోపల కూర్చున్నవాడు వాటిని చూస్తూ బుద్ధి తెచ్చుకోవాలని. పోర్చుగల్‌లో కొయింబ్రా యూనివర్సిటీ జైలైతే 1770ల నుంచి లైబ్రరీ కిందే ఉండేది, పైన బంగారు పూతల బీరువాల్లో పుస్తకాలు, కింద రాతి గదుల్లో కుర్రాళ్లు.

నా ఉద్దేశంలో మాత్రం ఈ జైళ్లు విద్యార్థిని శిక్షించిన దానికంటే కాపాడిందే ఎక్కువ. రాత్రి ఊరి కాపలావాళ్ల మీద కత్తి దూసినా, కిటికీలు పగలగొట్టినా చివరికి తేల్చేది ప్రొఫెసర్లే, ఆ ప్రొఫెసర్ల సంపాదన చూస్తేనేమో ఈ కుర్రాళ్లు కట్టే ఫీజులు, చాలామంది ఇళ్లలో భోజనానికి, బసకి పెట్టుకున్నదీ వీళ్లనే. ఒక జమీందారు కొడుకుని వెళ్లగొడితే వాడి నౌకర్లు, స్నేహితులు కూడా మూటాముల్లె సర్దుకుని పక్క ఊరి యూనివర్సిటీలో చేరిపోతారు. ఇక గట్టిగా శిక్ష వేసేదెవరు?

విజయనగరం_వాసి:

జర్మనీ సంగతి అలా ఉంటే ఇంగ్లండ్‌లో దెబ్బలు కూడా ఉండేవి, అవీ మనిషి హోదాని బట్టే. 1571 మే నెలలో కేంబ్రిడ్జ్ వైస్ ఛాన్సలర్ జాన్ విట్‌గిఫ్ట్ ఒక ఆర్డర్ వేశాడు. ఏ విద్యార్థీ ఆ జిల్లాలో ఏ నదిలోనూ, చెరువులోనూ ఈతకి దిగకూడదు. డిగ్రీ ఇంకా రాని కుర్రాడు దొరికితే ముందు సొంత కాలేజీ హాల్లో అందరి ఎదుట కొరడా దెబ్బలు, మర్నాడు యూనివర్సిటీ అంతటి ముందు మళ్లీ దెబ్బలు. బీఏ అయినవాడికి దెబ్బల్లేవు, రోజంతా హాల్లో బొండకొయ్యలో కాళ్లు బిగించి కూర్చోబెట్టి పది షిల్లింగుల జరిమానా వేసేవారు. రెండోసారి దొరికితే ఎవరైనా సరే బయటికే. ఇదంతా ఈత కొట్టినందుకు! అప్పట్లో పద్నాలుగు, పదిహేనేళ్లకే చేరేవారు కాబట్టి ఈ దెబ్బలు తిన్నది నిజానికి పిల్లలే, నాకు అది తలుచుకుంటేనే బాధగా ఉంటుంది. అదే కేంబ్రిడ్జ్‌లో ఎవరార్డ్ డిగ్బీ అనే ఆయన 1587లో ఈత ఎలా నేర్చుకోవాలో లాటిన్‌లో ఒక పుస్తకమే రాశాడు. మునిగిపోతారని భయముంటే చేయాల్సిన పని అదీ.

అమెరికాలో హార్వర్డ్ కూడా ఈ దారిలోనే నడిచింది. 1674లో థామస్ సార్జెంట్ అనే విద్యార్థి దైవదూషణ చేశాడని లైబ్రరీలో అందర్నీ నిలబెట్టి, వాణ్ని మోకాళ్ల మీద కూర్చోబెట్టి కొరడాతో కొట్టించారు. కొట్టే ముందు ఒకసారి, కొట్టాక ఒకసారి ప్రెసిడెంట్ స్వయంగా ప్రార్థన చేశాడు. డిగ్రీ ఆపేశారు. పైగా భోజనాల దగ్గర టోపీ లేకుండా ఒంటరిగా కూర్చోవాలని శిక్ష. దెబ్బలు నాలుగు రోజుల్లో మానతాయి, రోజూ తోటివాళ్ల ముందు అలా కూర్చుని తినడం ఉంది చూడండి, అది ఇంకా పెద్ద శిక్ష.

గోదారి_గట్టు:

ఇద్దరికీ థాంక్స్. ఇంకొక్క డౌట్. సీనియర్లు జూనియర్లని ఏడిపించడం, అంటే మన ర్యాగింగ్ లాంటిది ఉండేదా? దాన్ని ఎవరైనా ఆపగలిగారా?

చదువుల_తల్లి:

ఉండేది, అదీ చాలా ఘోరంగా. పాతకాగితాలు గారు జైలు విద్యార్థిని కాపాడిందన్నారు, పెద్ద విద్యార్థుల వరకూ అది నిజమే, కొత్తగా చేరిన పిల్లల్ని మాత్రం ఎవరూ కాపాడలేదు. జర్మన్ యూనివర్సిటీల్లో చేరేముందు ఒక తంతు జరిగేది. కొత్తవాడికి కొమ్ములున్న టోపీ, పంది కోరలు పెట్టి పశువుగా నిలబెట్టి, కొయ్య రంపంతో ఆ కొమ్ములు కోసి, పట్టుకారుతో కోరలు పీకి, చిత్రిక పట్టినట్టు ఒంటిని గీకి, ఇప్పుడు మనిషివయ్యావు అనేవారు. ఇది సీనియర్లు చాటుగా చేసింది కాదు, యూనివర్సిటీయే దగ్గరుండి జరిపించింది. విటెన్‌బెర్గ్‌లో ప్రొటెస్టెంట్ ఉద్యమం మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ కూడా ఈ తంతు నడిపించినవాడే. పెద్దలే అలా చేస్తే సీనియర్లు ఊరుకుంటారా? 17వ శతాబ్దానికి యేనా, లైప్‌జిగ్ లాంటి చోట్ల కొత్తవాడి మంచి బట్టలు లాక్కుని చింకిపాతలు తొడిగించేవారు, దాదాపు ఏడాదంతా వెట్టిచాకిరీ చేయించుకునేవారు, వాడి డబ్బుతోనే విందులు చేసుకునేవారు, ఎదురు చెబితే తన్నేవారు. పిల్లలు నోరు విప్పేవాళ్లు కాదు, ఎందుకంటే చెప్పినవాడికి అక్కడ బతుకు లేదు, పైగా ఏడాది ఓర్చుకుంటే వచ్చే ఏడాది తన వంతు.

రాజులు ఆర్డర్ల మీద ఆర్డర్లు వేశారు, ఫలితం లేదు. ఒకచోట పేరు కొట్టేస్తే ఇంకోచోట దర్జాగా చేర్చుకునేవారు కదా. 1660ల మొదట్లో ప్రొటెస్టెంట్ యూనివర్సిటీలు కలిసి ఒక మాట మీదకి వచ్చాయి: ఈ నేరం మీద ఒకరు వెళ్లగొట్టినవాణ్ని మరొకరు చేర్చుకోకూడదు. కొరడాకీ జైలుకీ లొంగనిది అప్పుడు తగ్గుముఖం పట్టింది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో తెచ్చిన ర్యాగింగ్ నిషేధ చట్టంలో కూడా చూడండి, నేరాన్ని బట్టి జైలు శిక్షతో పాటు, జైలు శిక్ష పడినవాణ్ని కాలేజీ నుంచి తీసేయాలని, ఆ శిక్ష ఆరు నెలలు దాటితే మరే కాలేజీలోనూ చేర్చుకోకూడదని ఉంది.