కుర్సుర చూపించాక పిల్లలకు ఏం చెప్పాలి?

గోదావరిగట్టు:
దసరా సెలవులకు పిల్లలతో విశాఖ వెళ్లాం. రామకృష్ణా బీచ్‌లో ఐఎన్‌ఎస్ కుర్సుర జలాంతర్గామి, రోడ్డు దాటితే టీయూ-142 విమానం, దగ్గర్లోనే 1971 యుద్ధ విజయ స్మారకం చూశాం. కుర్సుర దిగుతూనే ఎనిమిదో తరగతి చదివే మా అబ్బాయి, "పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీని ముంచింది ఇదేనా?" అని అడిగాడు. మా వారు అవునన్నారు. పక్కనున్న పెద్దాయన కాదన్నారు. ఇంకొకాయన అసలు ఘాజీని ఎవరూ ముంచలేదన్నారు! సెలవుల్లో పిల్లలకు ఇలాంటివి చూపించవచ్చా? చూపిస్తే ఏం చెప్పాలి?

లంగరు:
చూపించాలి, సరిగ్గా చెప్పాలి. కుర్సురకూ ఘాజీకీ సంబంధం లేదు. ఆ యుద్ధంలో కుర్సుర గస్తీ అరేబియా సముద్రంలో. ఘాజీ వచ్చింది మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం. మనవాళ్లు విక్రాంత్‌ను ముందే అండమాన్ వైపు పంపించేసి, పాత డిస్ట్రాయర్ యుద్ధనౌక రాజ్‌పుత్‌ను ఎరగా పెట్టారు. విక్రాంత్ విశాఖలోనే ఉందని నమ్మించడానికి, అందులోని నావికుడెవరో తల్లి ఆరోగ్యం అడుగుతూ తంతి కొట్టినట్టు సందేశం కూడా పంపారు. డిసెంబరు 3 అర్ధరాత్రి రేవు దాటిన రాజ్‌పుత్ నీటి లోతున పేలే డెప్త్ చార్జీలు వదిలింది, ఘాజీ మునిగింది. ఇందులో వాదించడానికేముంది?

బొబ్బిలి బాటసారి:
సముద్రం చూడటానికి వెళ్లి ఇనుము చూడటమేమిటండీ? కైలాసగిరి ఎక్కితే సరిపోయేది.

కాలమానం:
వాదించడానికి చాలా ఉంది లంగరు గారూ. డెప్త్ చార్జీలు వదలడం నిజం, ఘాజీ మునగడం నిజం. మొదటిదాని వల్లే రెండోది జరిగిందనేది మన నౌకాదళం మాట. పాకిస్తాన్ ప్రమాదమంటుంది: తాను పరిచిన మైన్లు తగలడమో, లోపలే పేలుడు జరగడమో. మన విశ్రాంత అధికారుల్లోనూ కొందరు ఇలాంటి సందేహాలు వెలిబుచ్చారు. పిల్లవాడికి రెండూ చెప్పండి. ఎనిమిదో తరగతి వాడు ఆ మాత్రం తట్టుకుంటాడు.

లంగరు:
పాకిస్తాన్ తన ఓటమిని ఒప్పుకుంటుందా? నగరంలో కిటికీలు అదిరాయి, మర్నాడు జాలర్లకు శకలాలు దొరికాయి.

కాలమానం:
కిటికీలు అదిరితే పేలుడు జరిగిందని తెలుస్తుంది, ఎందుకు జరిగిందో తెలియదు. డీజిల్ జలాంతర్గామి నీళ్లలో మునిగాక బ్యాటరీలతోనే నడవాలి. వాటిని చార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. గాలి సరిగా ఆడకపోతే చిన్న నిప్పురవ్వ చాలు. కుర్సురలో అన్ని బ్యాటరీలు చూసి కూడా ఈ సంగతి తట్టలేదా?

లంగరు:
ప్యాకేజీ టూరులో వచ్చి, పెరిస్కోప్ దగ్గర ఫొటో దిగి వెళ్లేవాళ్లా నాకు బ్యాటరీల గురించి చెప్పేది?

కాలమానం:
అవును, ప్యాకేజీ టూరులోనే వచ్చాను. శంఖాల దుకాణం దగ్గర గంటన్నర ఆపి, కుర్సుర దగ్గర పావుగంట ఇచ్చారు. కానీ బ్యాటరీల గురించి నాకు పర్యటనలో తెలియలేదు. నేను పనిచేసిన చోట బ్యాటరీ గది పేలి మా సహోద్యోగికి కన్ను పోయింది. అతని నిర్లక్ష్యమే కారణమని యాజమాన్యం రాసిపెట్టింది. గాలి పంకా నెలల తరబడి తిరగలేదన్న మాట ఆ నివేదికలో ఎక్కడా లేదు. అధికారిక కథనం అంటే నాకు గుర్తొచ్చేది ఆ కాగితమే. మీకు మాత్రం పై నుంచి వచ్చిందల్లా వేదవాక్కు!

తీరవాసి:
రెండు పక్షాలకూ చెరో బజ్జీ పెట్టి కూర్చోబెట్టండి ఎవరైనా.

నిర్వాహకుడు:
వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు. తర్వాతివి తొలగిస్తాను.

లంగరు:
తొలగించుకోండి, చెప్పేది చెబుతాను. మా నాన్నగారు ఈ తరగతి జలాంతర్గాముల్లోనే పనిచేశారు. 91 మీటర్ల గొట్టంలో డెబ్బై మందికి పైగా మనుషులు, స్నానం లేదు, పడకల పక్కనే టార్పెడోలు. ఇంటికొచ్చాక డీజిల్ వాసన వారాల తరబడి పోయేది కాదు. మా అమ్మ యుద్ధానికి భయపడలేదు, దేశమంతా తోడుంటుంది కాబట్టి. ఆమె భయమల్లా మీరు చెప్పే ఆ నిప్పురవ్వే. 2013 ఆగస్టులో సింధురక్షక్ జలాంతర్గామి ముంబయి రేవులోనే పేలి పద్దెనిమిది మంది పోయినప్పుడు, నాన్నగారు లేకపోయినా, అమ్మ రాత్రంతా టీవీ ముందు నుంచి లేవలేదు. ఇప్పుడు మీరొచ్చి జలాంతర్గాములు వాటంతట అవే పేలతాయి, పిల్లలకు చెప్పండి అంటున్నారు.

కాలమానం:
అదే చెప్పాలంటున్నాను. శత్రువు చేతిలో పోతే శిలాఫలకం, యంత్రం చేతిలో పోతే మౌనమా? మీ అమ్మగారి భయం గురించి ఒక్క బోర్డు ఉంటే మా ఆవిడ అక్కడ అరగంట నిలబడేది.

లంగరు:
మా అమ్మ భయం మీ సెలవుల కాలక్షేపం కాదు.

గోదావరిగట్టు:
ముందు రాయలేదు కానీ, అబ్బాయి ప్రశ్న కంటే మా చిన్నమ్మాయి ప్రశ్న దగ్గరే నేను ఆగిపోయాను. "ఘాజీలో ఉన్నవాళ్లు ఇంకా లోపలే ఉన్నారా?" అంది. ఐస్‌క్రీమ్ కొనిపెట్టి మాట మార్చాను.

తీరవాసి:
ఉన్నారమ్మా. తొంభై మందికి పైగా. 2024లో మన నౌకాదళం ఆ శిథిలాన్ని గుర్తించింది, ప్రాణాలు పోయినవారికి గౌరవంగా ముట్టుకోకుండా వదిలేసింది. పాపకు అది చెప్పండి.

బొబ్బిలి బాటసారి:
అందుకే కైలాసగిరి అన్నాను.

లంగరు:
తీరవాసి గారి మాటతో నాకు పేచీ లేదు. నావికులకు నావికుల మీద గౌరవం ఉంటుంది. చెప్పండి, కానీ ఇంటికెళ్లాక చెప్పండి. విజయ స్మారకం ముందు నిలబడి మాత్రం శత్రువు మీద జాలి పడొద్దు. అక్కడికి మనవాళ్ల కుటుంబాలు వస్తాయి.

కాలమానం:
అక్కడే చెప్పాలి. ఇంటికెళ్లాక ఏ పిల్లలు వింటారు? మీ నాన్నగారు బతికుంటే ఆయనైనా అక్కడే చెప్పేవారు.

లంగరు:
మా నాన్నగారి తరఫున మీరు మాట్లాడకండి.

కొత్తసభ్యుడు:
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. కుర్సుర లోపల నడవగలరా?

తీరవాసి:
గది నుంచి గదికి వెళ్లాలంటే గుండ్రటి తలుపుల్లోంచి వంగి, కాలెత్తి దాటాలి, కష్టం. ఆవిడను టీయూ-142 వైపు తీసుకెళ్లండి. సోమవారం మాత్రం రాకండి, కుర్సురకు సెలవు.