వుజూ దుఆల చార్టు: ఉంచాలా, తీసేయాలా?

కోనసీమ కుర్రోడు:
అమలాపురం పక్కన మా ఊరి మసీదులో వుజూ (నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కోవడం) చేసే కుళాయిల పైన లామినేషన్ చేసిన చార్టు ఒకటి ఉందండి. నోరు పుక్కిలిస్తే ఒక దుఆ (ప్రార్థన), ముక్కుకి ఒకటి, ముఖం కడిగితే "ముఖాలు తెల్లబడే రోజున నా ముఖాన్ని తెల్లగా ఉంచు" అని ఒకటి, ఇలా కాళ్ళ దాకా. పైన పెద్దక్షరాలతో 'ప్రవక్త (స) నేర్పిన దుఆలు' అని ఉంది. మదరసాలో చదువుకొచ్చిన ఒకాయన ఇవి హదీసులే (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) కాదు, పీకేయండి అన్నాడు. అంతే, జుమా అయ్యాక ఒకటే పంచాయితీ. ఎవరిది రైటు?

నరసాపురం భాయ్:
పెద్దలు ఎప్పట్నుంచో చదువుతున్నవి పీకేయడం ఏంటండీ. మన హనఫీ ధర్మశాస్త్ర శాఖ పుస్తకం 'దుర్రె ముఖ్తార్'లోనే వుజూ అదబుల్లో (మర్యాదల్లో) ఈ దుఆలున్నాయి, హదీసు పండితుడు ఇబ్నె హిబ్బాన్ రివాయత్ చేశారని (ఉల్లేఖించారని) కూడా రాశారు. పండితుడు నవవీ కాదన్నా ఫజాయిల్‌లో (పుణ్యకార్యాల విషయంలో) అమలు చేసుకోవచ్చన్న ఇంకో పండితుడు రమ్లీ మాటా అక్కడే ఉంది. జయీఫ్ (బలహీన హదీసు) అంటే అబద్ధమని కాదుగా?

లంకల సాయిబు:
కాదు, ఒప్పుకుంటా భాయ్. కానీ ఇబ్నె హిబ్బాన్ పేరు చూసి ఆగిపోకండి, ఆయన దీన్ని ఎక్కడ రాశారో చూడాలి. తన 'సహీహ్' అనే ప్రామాణిక హదీసుల పుస్తకంలో కాదు, నమ్మదగని రావీల (హదీసు చెప్పినవాళ్ళ) గురించి రాసిన పుస్తకంలో! ప్రవక్త సహచరుడు అనస్ (రజి) పేరు మీద వచ్చే ఆ సనదులో (చెప్పినవాళ్ళ వరుసలో) అబ్బాద్ బిన్ సుహైబ్ ఉన్నాడు, అతను మత్రూక్, అంటే ముహద్దిసులు (హదీసు పండితులు) వదిలేసిన మనిషి. రౌడీషీటర్ల లిస్టులో పేరుందని క్యారెక్టర్ సర్టిఫికెట్ ఇచ్చినట్టుంది మన వాదన. ఫజాయిల్‌లో జయీఫ్ చెల్లుతుందన్న హదీసు పండితుడు ఇబ్నె హజర్ గారే షరతులు పెట్టారు, బలహీనత మరీ ఎక్కువ ఉండకూడదు, ప్రవక్త మాటేనని ఖాయం చేసుకోకూడదు అని. మీ చార్టు రెండూ దాటేసింది. నవవీ గారు కూడా ఫజాయిల్‌లో జయీఫ్‌ని ఒప్పుకున్నవారే, అయినా ఒక్కో అవయవానికి దుఆ విషయంలో ప్రవక్త (స) నుంచి ఏమీ రాలేదని తన 'అజ్‌కార్' పుస్తకంలో తేల్చేశారు.

గట్టిగా నిలబడేది వుజూ చివర్లో చదివే షహాదత్ (విశ్వాస సాక్ష్యం), ఉమర్ (రజి) ద్వారా 'సహీహ్ ముస్లిం' హదీసు పుస్తకంలో ఉంది, స్వర్గం ఎనిమిది తలుపులూ తెరుచుకుంటాయన్న హదీసు. దానికి అదనంగా తిర్మిజీ హదీసు పుస్తకంలో వచ్చే 'తవ్వాబీన్' (పశ్చాత్తాపపడేవాళ్ళలో చేర్చు అనే) దుఆ సనదులో గందరగోళం ఉందని తిర్మిజీ గారే రాశారు, పండితుడు అల్బానీ మాత్రం సహీహ్ (ప్రామాణికం) అన్నారు. వుజూ మొదట్లో బిస్మిల్లా అనాలన్న హదీసుకీ మంచి సనదు తనకు తెలియదని ఇమామ్ అహ్మద్ అన్నారు, అన్ని సనదులూ కలిపితే బలం వస్తుందని ఇబ్నె హజర్ అన్నారు. సరే, అక్కడ వాదించుకోవడానికి చోటుంది.

నన్నడిగితే దుఆలు ఉండనీ, హెడ్డింగ్ తీసేయండి. కావాలని ప్రవక్త (స) మీద అబద్ధం చెప్పినవాడు నరకంలో చోటు చూసుకోవాలన్న హదీసు బుఖారీ, ముస్లిం పుస్తకాలు రెండింట్లోనూ ఉంది.

నరసాపురం భాయ్:
హెడ్డింగ్ మారిస్తే నాకు పేచీ లేదు. కానీ మా నాన్నగారు జీవితమంతా అవే చదివారు, ఆయన వుజూ ఏమైనట్టు?

లంకల సాయిబు:
వుజూకి ఏమవుతుంది భాయ్! ముఖం, మోచేతుల దాకా చేతులు, తలకి మసహ్ (తడిచేత్తో తుడవడం), చీలమండల దాకా కాళ్ళు, ఫర్జులు (తప్పనిసరివి) ఇవే కదా మనకి. దుఆ చదివినా మానినా వుజూ అయిపోతుంది. అన్నట్టు చార్టు చదువుతూ కుళాయి అలా వదిలేస్తారే, దాని మీద కమిటీలో ఎవరూ నోరెత్తరేం?

కోనసీమ కుర్రోడు:
ఆయ్, అది నిజమేనండి. చార్టులో మెడకి మసహ్ బొమ్మ కూడా ఉంది, అదీ తీసేయాలా?

లంకల సాయిబు:
నవవీ బిద్అత్ (మతంలో కొత్తగా చేర్చింది) అన్నారు, మన హనఫీ పుస్తకాల్లో ముస్తహబ్ (చేస్తే మంచిది) అని ఉంటుంది. దానికి వేరే చర్చ పెట్టు బాబూ, ఇందులో కలిపితే తెల్లారిపోద్ది.