పంతొమ్మిదో తేదీన వాణ్ణి రమ్మనాలా, వద్దా?

దివిసీమవాసి:
మాది నాగాయలంక దగ్గర పల్లె. 1978 మార్చిలో పదో తరగతి పరీక్షలు రాశాం. అంతకు నాలుగు నెలల ముందు, 1977 నవంబరు 19, శనివారం, ఉప్పెన వచ్చింది. అధికారిక లెక్కల్లోనే పది వేల మందికి పైగా పోయారు. అందులో మా క్లాసువాళ్లు పదకొండు మంది.

బడి మళ్లీ తెరిచిన రోజు లెక్కల మాస్టారు హాజరు పిలిచారు. అదే పాత రిజిస్టరు, నీళ్లకి నాని అట్ట ఉబ్బిపోయి ఉంది. ‘ఏడు’ అన్నారు. ఎవరూ పలకలేదు. కాసేపాగి ‘ఎనిమిది’ అన్నారు. పదిహేడు దగ్గరికొచ్చేసరికి ఆయన గొంతు పూడుకుపోయింది. రిజిస్టరు మూసేసి, “అందరూ దగ్గరగా జరిగి కూర్చోండర్రా” అన్నారు. అప్పటిదాకా లంకల నుంచి వచ్చేవాళ్లు ఒక పక్క, ఊళ్లోవాళ్లు ఒక పక్క కూర్చునేవాళ్లం.

పుస్తకాలు ఎవరికీ మిగల్లేదు. ఎవరో పంపిన సోషల్ పుస్తకం ఒక్కటే దొరికింది. దాని కుట్టు విప్పి పాఠానికొకరం పంచుకున్నాం. సిమెంటు సంచి కాగితంలో చుట్టుకుని గుడారానికి తీసుకెళ్లి, బుడ్డిదీపం దగ్గర చదివి, రెండ్రోజులకి పక్కవాడికి ఇచ్చేవాళ్లం. నా పాఠం తడిస్తే ముప్పై మందికీ పోయినట్టే. మమ్మల్ని కలిపింది ఆ కాగితాలేనని ఇప్పటికీ నా నమ్మకం. ఏడవడం మాత్రం ఎవరికి వాళ్లమే ఏడ్చాం.

2027కి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రోజు పులిగడ్డ స్మారక స్తూపం దగ్గర అందరం కలవాలనుకుంటున్నాం. మాలో ఒకడికి అమ్మానాన్నా, ఇద్దరు చెల్లెళ్లూ పోయారు. తెల్లవార్లూ తాటిచెట్టుని కరుచుకుని వాడొక్కడే మిగిలాడు. మా ఇళ్లల్లో ఏ కష్టమొచ్చినా ముందొచ్చేది వాడే. నవంబరు 19న మాత్రం ఫోన్ ఎత్తడు. రమ్మంటే పుండు కెలికినట్టవుతుందేమో. అడక్కపోతే పక్కన పెట్టారనుకుంటాడేమో. ఇలాంటివి చూసినవాళ్లు చెప్పండి.

గుంటూరు 2003 బ్యాచ్:
బాబాయ్ గారూ, 2021 మేలో, సెకండ్ వేవ్‌లో మా క్లాస్‌మేట్ పోయాడు. ఆక్సిజన్ బెడ్ కోసం పద్దెనిమిదేళ్లుగా మాట్లాడుకోనివాళ్లం కూడా రాత్రంతా ఫోన్లు చేసుకున్నాం. బెడ్ దొరికింది కానీ వాడు దక్కలేదు. తర్వాత గ్రూపులో అందరం వాడి ఫొటోలు పెట్టుకుంటూ ఉంటే, వాడి బెస్ట్ ఫ్రెండ్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మాకు ఊరటనిచ్చేది వాడికి నరకంగా ఉందని మాకు తట్టలేదు. మీరు గ్రూపులో అడగొద్దు. ఒక్కరే ఫోన్ చేయండి.

కోడూరు ఆడపడుచు:
మా అమ్మ కూడా ఉప్పెనలో బతికి బయటపడిన మనిషే. ఆ తేదీ ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్లిపోతుంది. కానీ మామూలు రోజుల్లో, చేపలు తోముతూనో, పిల్లలకి జడలు వేస్తూనో, పోయిన పిన్ని కబుర్లు తనంతట తనే చెబుతుంది. మేం వింటే సంతోషిస్తుంది. మీ స్నేహితుడికి ఇబ్బంది ఆ మనుషుల జ్ఞాపకం కాదేమో, ఆ తేదీయేమో. ఇంకో రోజు పెట్టి చూడండి అన్నయ్య గారూ.

తెనాలి టీచరు:
రానంటే మళ్లీ అడగొద్దండీ. ఇన్నేళ్లు మీ కష్టాలకి వచ్చాడంటే మీవాడే కదా. ఆ ఒక్క రోజు వాడికి వదిలేయండి.

దివిసీమవాసి:
అందరికీ నమస్కారం. అమ్మాయ్, నువ్వు చెప్పినట్టే చేశాను. నిన్న రాత్రి ఫోన్ చేసి, పద్దెనిమిదిన కలుద్దామా, పొద్దున్నే వచ్చి చీకటి పడేలోపు వెళ్లిపోవచ్చు అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆఖరికి, “సోషల్‌లో నా వంతు పాఠం నీకిచ్చే పరీక్షకెళ్లాను, గుర్తుందా?” అన్నాడు. గుర్తుందిరా అన్నాను. ఖమ్మం నుంచి వచ్చే బస్సు పులిగడ్డలో ఆగుతుందా అని అడిగాడు. కనుక్కుని చెప్తానన్నాను.