జింకల వేటకు లోహపు పిడి విల్లా, కొయ్య విల్లా?

ప్రశ్న

నేను పెన్సిల్వేనియాలో ఉంటాను. మొదటిసారి వేటకు వెళ్లేవారికి ఇక్కడ తప్పనిసరి అయిన శిక్షణ పూర్తిచేసి లైసెన్సు తీసుకున్నాను. అక్టోబరులో మొదలయ్యే తెల్లతోక జింకల సీజనుకు, చక్రాలు బిగించిన కాంపౌండ్ విల్లుతో కాకుండా, కొనలు ముందుకు వంగి ఉండే సంప్రదాయ రికర్వ్ విల్లుతో వెళ్లాలని ఉంది. దుకాణంలో రెండు నచ్చాయి. ఒకటి అల్యూమినియం పిడికి ఐఎల్‌ఎఫ్ అనే ప్రామాణిక పద్ధతిలో లింబులు (విల్లుకు పైనా కిందా వంగే బద్దలు) తగిలించేది, రెండోది ఒకే ముక్కగా ఉండే కొయ్య విల్లు. రెండింటి మీదా 45 పౌండ్లు అని రాసి ఉంది. నేను పొట్టివాణ్ణి, నారి 26 అంగుళాలకు మించి లాగలేను. మంచె మీద కూర్చుని, 20 గజాల లోపు వచ్చిన జింకనే కొట్టాలన్నది నా ఉద్దేశం. లోహం మన్నుతుందని కొందరు, కొయ్య చప్పుడు చేయదని కొందరు అంటున్నారు. అనుభవజ్ఞులు ఏమంటారు?

మొదటి జవాబు

పిడి సంగతికి ముందు ఆ 45 సంగతి చూడండి. అది 28 అంగుళాలు లాగినప్పటి బలం. అంగుళం తగ్గితే రెండున్నర నుంచి మూడు పౌండ్లు తగ్గుతుంది కాబట్టి మీ చేతిలో ఆ విల్లు 40కి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మీ రాష్ట్రంలో జింకల వేటకు కనీసం 35 పౌండ్లు ఉండాలి కాబట్టి ఇబ్బంది లేదు. తేలికగా ఉంటుందని 40 రాసినది కొంటే మాత్రం ఆ హద్దు దగ్గర చిక్కుకుంటారు.

కొత్తవారికి నేను లోహపు పిడినే చెబుతాను. ముందు తక్కువ బలం లింబులతో సాధన చేసి, భుజం అలవాటుపడ్డాక వేటకు కావలసిన లింబులు మార్చుకోవచ్చు, పిడి పట్టు మాత్రం మారదు. ఐఎల్‌ఎఫ్‌లో మర తిప్పి బలాన్ని మొత్తం మీద సుమారు పది శాతం మేర సర్దుకోవచ్చు. బాణం ఆనే చోటును మధ్యరేఖ దాటి లోపలికి కోస్తారు కనుక, బాణం బిరుసు కొంచెం తేడాగా ఉన్నా అది మరీ పక్కకు పోదు. పైగా ఆ బరువే చేతి వణుకును కొంత అణుస్తుంది. లోహం సంప్రదాయం కాదనేవారికి ఒక మాట: ఈ దేశంలో విల్లు వేటకు పేరు తెచ్చిన ఫ్రెడ్ బేర్ కూడా 1970 ప్రాంతంలో తన టేక్‌డౌన్ (లింబులు విప్పి మళ్లీ బిగించుకునే) విల్లుకు మెగ్నీషియం పిడి పెట్టాడు.

రెండో జవాబు

పై మిత్రులు చెప్పిన లెక్క సరైనదే కానీ, వారు చెప్పింది సాధన చేసే మైదానానికి నప్పుతుంది. క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే చివరి సీజనులో, చలిలో అల్యూమినియం పిడి పట్టుకుని రెండు గంటలు కదలకుండా కూర్చుంటే చేతి తొడుగులోంచి కూడా అది మంచుముక్కలా తగులుతుంది. వేళ్లు కొయ్యబారితే నారి శుభ్రంగా వదలలేరు. బాణం కాడ లోహానికి తగిలితే టిక్కుమంటుంది, అంత దగ్గరలో ఉన్న జింక తలెత్తడానికి అది చాలు. ఆ చోట మెత్తని గుడ్డపట్టీ అంటించక తప్పదు.

కొయ్య విల్లు మీద ఈకలు కట్టిన బాణాన్ని నేరుగా పిడి అంచు మీదే ఆనించి వదలవచ్చు, ఊడిపోయే భాగాలేవీ ఉండవు. పేరుకు కొయ్య అన్నా లింబుల్లో మేపుల్ లేదా వెదురు పలకలకు రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ అంటించి ఉంటుంది కాబట్టి, పైపూత చెక్కుచెదరకుండా ఉంటే వానకు భయపడనక్కరలేదు. తడిస్తే ఈకలే ముందు చతికిలబడతాయి. అయితే ఎండలో నిలిపిన కారులో ఎన్నడూ ఉంచకండి, జిగురు వదిలి పొరలు విడిపోతాయి. నారి ఎక్కించిన విల్లును గోడకు చేరవేసి వదిలేస్తే లింబు మెలితిరుగుతుంది.

లింబులు మార్చుకునే సౌకర్యమే కావాలనుకుంటే, కొయ్య పిడితో వచ్చే టేక్‌డౌన్లు ఉన్నాయి, అవి లోహపు వాటికంటే చవక కూడా. మీ స్థానంలో నేనైతే అదే కొంటాను.

మూడో జవాబు

లోహం అనగానే లింబులతో సహా ఉక్కుతో చేసిన పాత విల్లు ఏదైనా కంటపడితే కొనకండి. గత శతాబ్దం మధ్యలో స్వీడన్‌లో, ఇంగ్లండ్‌లో ఉక్కు గొట్టాలతో చేసిన విండ్లు లోలోపల తుప్పుపట్టి, చెప్పకుండా చేతిలోనే విరిగేవి.

ఇక చప్పుడు. ఇలాంటి విల్లు బాణం సెకనుకు 170, 180 అడుగుల వేగంతో పోతుంది, శబ్దం 1100 అడుగులు పోతుంది. 20 గజాలంటే 60 అడుగులు కాబట్టి, నారి మోత విన్న జింకకు బాణం చేరేలోపు సెకనులో నాలుగో వంతు పైగా సమయం చిక్కుతుంది. గుండె ఎత్తున గురిపెట్టిన బాణానికి అందకుండా జింక కిందికి వంగిపోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. ఈ మోతను తగ్గించేది ముఖ్యంగా బాణం బరువు, ఆ తరవాత నారి బిగింపు. పౌండుకు 10 గ్రెయిన్ల (బాణాన్ని తూచే చిన్న కొలత) లెక్కన మీకు కనీసం 400 గ్రెయిన్ల బాణం కావాలి. నారిని కొన్ని మెలికలు తిప్పుతూ, విప్పుతూ పిడికీ నారికీ మధ్య దూరాన్ని సర్దండి, మోత బాగా తగ్గే చోటు ఒకటి దొరుకుతుంది. నారిమీద ఉన్ని కుచ్చులు కట్టండి. మీ బలానికి విచ్చుకునే ములుకులు వద్దు. కనీసం ముప్పావు అంగుళం మీద మరో ఎనిమిదో వంతు వెడల్పు ఉండాలన్నది అక్కడి నిబంధన, అంతకు తగ్గని కదలని రెండంచుల ములికిని గడ్డం గీసుకునేంత పదునుపెట్టి వాడండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. కొయ్య పిడి టేక్‌డౌన్‌కే మొగ్గుతున్నాను. సాధనకు 35, వేటకు 45 పౌండ్ల లింబులు తీసుకుంటాను. బాణాల బిరుసు ఎంచుకునేటప్పుడు 45ను కాక నా 40నే లెక్కలోకి తీసుకోవాలి కదండీ?

రెండో జవాబు ఇచ్చినవారు

అవునండీ, మీరు లాగినప్పుడు త్రాసు చూపే పౌండ్లే లెక్క. దుకాణంలో త్రాసు ఉంటుంది, కొనేముందే తూచి చూపమనండి.